తొలితరం వీడియో ఆటలు: నియమమే వస్తువైన తీరు

తెలుగువారు తరతరాలుగా ఆడుతూ వచ్చిన ఆటల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి వైకుంఠపాళి, పరమపద సోపానపటమని దీనికి మరో పేరు. రెండోది పులిజూదం, పులిమేక ఆట అని కూడా వ్యవహారం. వైకుంఠపాళిలో అర్థమంతా పటం మీద ఉంటుంది. గడుల్లో సద్గుణాలు, దుర్గుణాలు. వాటిని కలుపుతూ నిచ్చెనలు, పాములు. పందెం ఎంత పడితే కాయ అంత జరుగుతుంది. ఆడేవారు ఆలోచించి నిర్ణయించవలసింది ఏమీ లేదు. పటం మీది పేర్లు, బొమ్మలు చెరిపివేస్తే నీతి పోతుంది. ఎక్కడం, దిగడం మాత్రం మిగులుతాయి.

పులిజూదం తీరు వేరు. ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతిలో 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి మేక మీదుగా అవతలి ఖాళీ స్థానానికి దూకి దాన్ని చంపగలదు. మేకకు చంపే శక్తి లేదు. అయినా మేకలు గెలవగలవు. ఒకదాని వెనుక ఒకటి నిలబడి, పులికి దూకే చోటు గాని కదిలే చోటు గాని లేకుండా చేస్తే ఆట వాటిదే. బలహీనులు కూడి నిలబడితే బలవంతుడు కదలలేడన్న మాట ఆ పటం మీద ఎక్కడా రాసి ఉండదు. దాన్ని నియమమే చెబుతుంది. బొగ్గుతో నేల మీద గీసినా, గుడి అరుగు రాతి మీద చెక్కినా, కాయలకు బదులు చింతగింజలూ గులకరాళ్లూ పెట్టినా ఆ అర్థం చెడదు. తమిళనాట ఇది ఆడుపులి ఆట్టం, కన్నడనాట ఆడు హులి ఆట. పేరు మారింది గాని ఆట మారలేదు.

1970ల చివరి నుంచి 1980ల చివరి దాకా వచ్చిన వీడియో ఆటలను ఈ భేదమే కొలబద్దగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాత ఆటలను గురించి మాట్లాడేవారు సాధారణంగా తమ చిన్నతనాన్ని తలచుకుని మాట్లాడతారు. ఆ అభిమానం సహజమే. కాని గుర్తుండిపోవడం వేరు, మళ్లీ చేపట్టదగినది కావడం వేరు. మొదటిది మన జ్ఞాపకానికి సంబంధించిన గుణం. రెండోది కృతికి సంబంధించిన గుణం. ఏ ఆటలో నియమం తనంతట తాను అర్థాన్ని ఇస్తుందో ఆ ఆట మళ్లీ చేపట్టదగినదని నా అభిప్రాయం.

సాహిత్య విద్యార్థికి ఈ విషయంతో పని ఏమిటన్న సందేహం రావచ్చు. నాట్యశాస్త్రం తొలి అధ్యాయంలో దేవతలు బ్రహ్మను కోరింది చూడడానికీ వినడానికీ వీలైన ఒక ఆటవస్తువునేనన్న సంగతి గుర్తు చేసుకుంటే ఆ సందేహం కొంత సడలుతుంది. వస్తువు, శిల్పం, పాత్రచిత్రణ, పాఠపరిష్కరణ అని మనం రోజూ వాడే మాటలు ఎంత దూరం పనికివస్తాయో తెలుసుకోవాలంటే వాటిని కొత్త సామగ్రి మీద ప్రయోగించి చూడవలసిందే.

యంత్రం చేతకానితనం, ఆట బలం

మొదట స్పేస్ ఇన్వేడర్స్‌ను తీసుకుందాం. జపాన్‌కు చెందిన టైటో సంస్థ 1978లో దీన్ని విడుదల చేసింది. టొమోహిరో నిషికాడో దీన్ని దాదాపు ఒంటిచేత్తో రూపొందించాడు. ఆటను రాయడంతో పాటు దాన్ని నడిపే యంత్రాన్ని కూడా ఆయనే సిద్ధం చేసుకున్నాడు. తెర మీద 5 వరుసలు, వరుసకు 11 చొప్పున 55 గ్రహాంతర జీవులు ఉంటాయి. ఆ దండు పక్కకు జరుగుతూ పోయి, అంచు తగలగానే ఒక మెట్టు కిందికి దిగి, ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అడుగున ఆటగాడి ఫిరంగి, దానికి పైన నాలుగు రక్షణగోడలు. మనుషుల మీద కాల్చే ఆట తగదని నిషికాడో భావించాడు. అందుకే ఆక్టోపస్, పీత, స్క్విడ్ వంటి సముద్రజీవుల పోలికతో శత్రువులను గీశాడు.

ఈ ఆటలో అసలు విశేషం వేగం. తెర సెకనుకు దాదాపు 60 సార్లు మారుతుంది. మారిన ప్రతిసారీ ఆ దండులో ఒక్క జీవి మాత్రమే తన చోటు నుంచి కదులుతుంది. అంటే 55 ఉన్నప్పుడు దండంతా ఒక్క అడుగు వేయడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. సగం చచ్చాక అదే అడుగు అర సెకనులో పడుతుంది. చివరి ఒక్కటి మిగిలేసరికి అది పరుగు పెడుతుంది. ఇంతకన్న వేగంగా బొమ్మలు గీయలేని ఆనాటి యంత్రం వల్ల ఏర్పడిన స్థితి ఇది. నిషికాడో దీన్ని లోపంగా ఎంచి సరిదిద్దే ప్రయత్నం చేయలేదు. ఆటకు ప్రాణంగా నిలుపుకున్నాడు. వెనుక వినిపించే నాలుగు స్వరాల మంద్రధ్వని కూడా ఆ అడుగులతో పాటే త్వరపడుతుంది.

ఫలితంగా ఏర్పడిన అర్థాన్ని గమనించాలి. శత్రువులు తగ్గేకొద్దీ అపాయం తగ్గాలి. ఇక్కడ తగ్గేకొద్దీ పెరుగుతుంది. గెలుపుకు దగ్గరైనవాడికే చెయ్యి వణుకుతుంది. మరొకటి కూడా ఉంది. శత్రువు గుళ్లతో పాటు ఆటగాడు కింది నుంచి కాల్చిన గుళ్లు కూడా ఆ రక్షణగోడలను తొలిచివేస్తాయి. తనను కాచే గోడను తానే కూల్చుకుంటూ పోరాడడం అన్నమాట. ఇవేవీ మాటల్లో చెప్పబడలేదు. మన ఛందస్సులో యతిస్థానం కవికి అడ్డంకి. సమర్థుడి చేతిలో ఆ అడ్డంకే పద్యానికి నడకనిస్తుంది. ఇక్కడ యంత్రపు పరిమితి చేసిన పని అలాంటిదే.

మాటలు లేని పాత్రచిత్రణ

1980లో నామ్‌కో సంస్థ తరఫున టోరు ఇవతాని రూపొందించిన పాక్‌మాన్ మరో రకం సాధన. అప్పటి ఆటల గదులు కాల్పుల ఆటలతో నిండి, మగపిల్లలకే పరిమితమైపోయాయని గమనించిన ఇవతాని, ఆడవారూ జంటలూ కూడా వచ్చి ఆడేటందుకు వీలుగా తినడాన్ని వస్తువుగా ఎంచుకున్నాడు. వంకర సందుల పటంలో 240 చుక్కలు, మూలల్లో 4 పెద్ద బిళ్లలు. వాటన్నిటినీ తినాలి. వెంట నాలుగు దయ్యాలు పడతాయి.

ఆ నాలుగు దయ్యాలనూ ఒకే అచ్చులో గీశారు. రంగు ఒక్కటే తేడా. అయినా కాసేపు ఆడినవారికి అవి నలుగురు వేరువేరు మనుషుల్లాగా తెలుస్తాయి. ఎర్రది పాక్‌మాన్ ఉన్న గడినే గురిగా పెట్టుకుని వెంటాడుతుంది. గులాబిరంగుది పాక్‌మాన్ ఎటు చూస్తున్నాడో అటు నాలుగు గడుల ముందున్న చోటికి బయలుదేరి దారి కాస్తుంది. నీలిది పాక్‌మాన్ ఉన్న చోటునూ ఎర్రది ఉన్న చోటునూ కలిపి లెక్క కట్టుకుని తన గురిని నిర్ణయించుకుంటుంది. అందువల్ల దాని నడత ఊహకు అందదు. నారింజరంగుది దూరంగా ఉన్నంతసేపు వెంటాడుతుంది. ఎనిమిది గడుల లోపలికి వచ్చేసరికి గుండె జారి తన మూలకు తిరిగిపోతుంది. జపాన్ ప్రతిలో వీటి స్వభావాలకు పెట్టిన పేర్లు కూడా తరిమేది, మాటు వేసేది, చపలచిత్తం కలది, ఏమీ ఎరగనట్టు నటించేది అన్న అర్థాలు ఇచ్చేవే.

పాత్ర స్వభావం వర్ణన వల్ల కాక చేష్ట వల్ల తెలియాలని మనం నాటక విమర్శలో తరచు చెప్పుకుంటాం. ఆ సూత్రానికి ఇంత పొదుపైన ఉదాహరణ అరుదు. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క చిన్న లెక్క. ఆ లెక్కలో నుంచి స్వభావం, నాలుగు స్వభావాల కలయికలో నుంచి కథ పుడతాయి. పైగా దయ్యాలు ఎడతెరిపి లేకుండా వెంటాడవు. మధ్యమధ్య తమతమ మూలలకు చెదిరిపోయి ఆటగాడికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తాయి. పెద్ద బిళ్ల తిన్నప్పుడు వేటగాడు వేట అవుతాడు. దయ్యాలు నీలమై పారిపోతాయి. స్థాయి పెరిగేకొద్దీ ఆ భాగ్యం ఉండే వ్యవధి కుదించుకుపోయి, చివరి స్థాయిల్లో దయ్యాలు భయపడడమే మానేస్తాయి.

పాక్‌మాన్‌కు ముగింపు లేదు. అయినా ఒక అంతం ఉంది. స్థాయి సంఖ్యను దాచే చోటు 8 బిట్లది కావడం వల్ల 256వ స్థాయికి చేరేసరికి లెక్క తప్పి, తెర కుడి సగం అంకెలతో అక్షరాలతో కలగాపులగమైపోతుంది. ఆ స్థాయిని పూర్తి చేయడానికి తగినన్ని చుక్కలు ఉండవు. ఈ విషయాన్ని తిరిగి ప్రస్తావించవలసిన అవసరం ఉంది.

ఓటమే వస్తువుగా

ఆనాటి ఆటలన్నీ ఓటమితో ముగుస్తాయి. దానికి కారణం వ్యాపారం. నాణెం వేసినవాడు త్వరగా ఓడి లేస్తేనే మరొకడు మరో నాణెం వేస్తాడు. చాలా ఆటలకు ఇది కేవలం అవసరం. 1980లో అటారీ సంస్థలో డేవ్ థ్యూరర్ రూపొందించిన మిసైల్ కమాండ్ మాత్రం ఆ అవసరాన్ని వస్తువుగా మార్చుకుంది.

తెర అడుగున ఆరు నగరాలు, మూడు క్షిపణి స్థావరాలు. ఒక్కో స్థావరానికి 10 చొప్పున విడతకు 30 క్షిపణులు. పై నుంచి శత్రు క్షిపణులు గీతలు గీసుకుంటూ దిగివస్తాయి. ఆటగాడు బంతిని దొర్లించి గురి చూసి, ఆకాశంలో పేలుళ్లు సృష్టించి వాటిని అడ్డుకోవాలి. ఆటగాడు ఎవరి మీదా దాడి చేయలేడు, చేయగలిగిందల్లా కాపాడడమే. ఏ నగరాన్ని కాపాడాలి, దేన్ని వదులుకోవాలి అన్న నిర్ణయం క్షణంలో తీసుకోవాలి. విడత ముగిశాక మిగిలిన క్షిపణులకు, నిలిచిన నగరాలకు మార్కులు వస్తాయి. మళ్లీ మరింత వేగంగా మరో విడత. ఎంత నేర్పరికైనా చివరికి అన్ని నగరాలూ పోతాయి. అప్పుడు తెర మీద ఆట అయిపోయిందన్న మామూలు మాట రాదు. అంతం అన్న అర్థమిచ్చే ఆంగ్లపదం మాత్రమే కనిపిస్తుంది.

అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య అణ్వాయుధ పోటీ సాగుతున్న రోజులవి. మొదట ఆ ఆరింటికీ కాలిఫోర్నియా తీరంలోని నిజమైన నగరాల పేర్లు పెట్టి, తరువాత తీసివేశారు. ఆ మార్పు ఆటకు మేలే చేసింది. పేరు లేని నగరం ఎవరి నగరమైనా కావచ్చు. ఈ ఆట తయారుచేస్తున్న కాలంలో నగరాలు నాశనమవుతున్నట్టు పీడకలలు వచ్చేవని థ్యూరర్ తరువాతి కాలంలో చెప్పాడు. అణుయుద్ధంలో గెలుపు లేదన్న మాటను వ్యాసంలో చదివితే ఒప్పుకుంటాం; ఇక్కడ చేతులతో ఓడి తెలుసుకుంటాం. నియమం వస్తువై నిలవడమంటే ఇదే.

టెట్రిస్‌లోనూ ఓటమే ఉంది. కాని దాని రుచి వేరు. 1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన అకాడమీ వారి కంప్యూటింగ్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ దీన్ని ఎలెక్ట్రోనికా 60 అనే యంత్రం మీద రాశాడు. ఆ యంత్రానికి బొమ్మలు గీసే శక్తి లేదు; అందుకని కుండలీకరణ చిహ్నాలనే పక్కపక్కన పేర్చి దిమ్మలుగా చూపించాడు. నాలుగేసి చదరాలతో ఏర్పడే ఏడు ఆకారాలు ఒకటొకటిగా పై నుంచి పడతాయి. వాటిని తిప్పి అమర్చాలి. ఒక వరుస నిండితే ఆ వరుస మాయమవుతుంది. చక్కగా పూర్తి చేసిన పనికి గుర్తు మిగలదు. పొరపాటుగా వదిలిన సందు మాత్రం కళ్ల ముందు ఉండిపోయి, దాని మీద మరికొన్ని పేరుకుంటాయి. ఇల్లు దిద్దుకునే గృహిణికి, పద్దులు రాసే గుమాస్తాకు ఈ అనుభవం కొత్త కాదు.

ఓటమి తప్పదన్నది ఇక్కడ గణితం కూడా. వంకర ఆకారాలు రెండూ ఒకదాని తరువాత ఒకటి మార్చి మార్చి పడుతూ పోతే ఎంత నేర్పుగా ఆడినా ఆట ముగియక తప్పదని గణితవేత్త హైడీ బర్గియల్ 1997లో ప్రకటించిన పత్రంలో నిరూపించింది. మనుషుల చేతిలో మరో ముగింపు కూడా వచ్చింది. 2023 డిసెంబరులో 13 ఏళ్ల అమెరికన్ బాలుడు పాత నింటెండో ప్రతిని 157వ స్థాయి దాకా ఆడి, ప్రోగ్రామ్ తట్టుకోలేక నిలిచిపోయే స్థితికి తెచ్చాడు. టెట్రిస్ కర్తకు మాత్రం చాలాకాలం ఫలం దక్కలేదు. హక్కులు సోవియట్ ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండిపోయాయి. 1996లో గాని అవి ఆయనకు చేరలేదు.

పాత కథ, కొత్త నడక

ఇంతవరకు చూసినవి కథ లేని ఆటలు. కథ ఉన్న ఆటకు ఈ కొలబద్ద వర్తిస్తుందా? 1989లో యాపిల్ 2 కంప్యూటర్‌పై వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియాను పరిశీలిద్దాం. మన దేశంలో ఆ తరువాతి దశాబ్దపు కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో ఈ ఆట చాలామందికి పరిచయం.

కథావస్తువులో కొత్తదనం లేదు. దుర్మార్గుడైన మంత్రి, బందీ అయిన రాకుమారి, చెరసాల నుంచి పైకి వచ్చే యువకుడు, 60 నిమిషాల గడువు. రాకుమారికి చేయడానికి దాదాపు ఏమీ లేదు. ఒకచోట ఎలుకను పంపి తలుపు తెరిపించడం తప్ప ఆమె ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పర్షియా కూడా చరిత్రలోని పర్షియా కాదు. పాత హాలీవుడ్ సినిమాల్లో కనిపించే తూర్పుదేశం. ఈ దోషాలను అభిమానం కొద్దీ దాచవలసిన పనిలేదు.

బలం శిల్పంలో ఉంది. రచయిత జోర్డన్ మెక్‌నర్ తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం, వేలాడడం వీడియో తీసి, ఒక్కొక్క చిత్రాన్నీ చూసి గీసి తెర మీదికి ఎక్కించాడు. కత్తియుద్ధపు కదలికలను 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమా నుంచి తీసుకున్నాడు. అందువల్ల ఆ శరీరానికి బరువు వచ్చింది. పరుగెత్తేవాడు ఆగాలంటే రెండడుగులు పడతాయి. దూకాలనుకుంటే ముందే సిద్ధపడాలి. తొందరపడి మీట నొక్కినవాడు ముళ్ల మీద పడతాడు.

ఇక నీడమనిషి ప్రసంగం. కంప్యూటర్ జ్ఞాపకశక్తి అప్పటికే నిండిపోయి మరో పాత్రను గీయడానికి చోటు లేకపోయింది. అప్పుడు మెక్‌నర్ రాకుమారుడి బొమ్మలనే కొద్ది మార్పుతో మళ్లీ వాడుకుని నీడమనిషిని సృష్టించాడు. నాయకుడు ఒకచోట అద్దంలోకి దూకి అవతలికి పోతే, అద్దంలో నుంచి నీడ విడివడి ఎదురు దిక్కుకు పరుగెత్తుతుంది. ఒకచోట అతడికి దక్కవలసిన ఔషధాన్ని తాగేస్తుంది. మరోచోట తలుపు మూసి అతడు కిందికి పడేటట్టు చేస్తుంది. చివరకు ఇద్దరూ కత్తులు దూసి ఎదురుపడతారు. నీడను ఒక్క వేటు వేస్తే మన ప్రాణమే ఒక వంతు తగ్గుతుంది. అప్పటిదాకా ఎదురుపడ్డవాణ్ణల్లా నరకడం నేర్పిన ఆట, ఇక్కడ కత్తిని ఒరలో పెట్టమంటుంది. పెడితే నీడ కూడా పెడుతుంది. దగ్గరికి వెళితే ఇద్దరూ ఒకటవుతారు. ఆ తరువాతే ముందున్న అగాధం మీద నడవడం సాధ్యమవుతుంది. తెర మీద ఒక్క వాక్యం కూడా కనపడదు. నరికినవాడికి తన ప్రాణం తగ్గడమే ఉపదేశం. స్పేస్ ఇన్వేడర్స్‌లో వలెనే ఇక్కడ కూడా పరిమితే వస్తువును కనిపెట్టింది.

గుర్తుండిపోయినా నిలవనిది

కొలబద్ద సరైనదైతే అది కొన్నిటిని తిరస్కరించాలి కూడా. 1983లో వచ్చిన డ్రాగన్స్ లెయిర్ ఆ రోజుల్లో ఎంతో గుర్తింపు పొందిన ఆట. డిస్నీ సంస్థలో పనిచేసి బయటికి వచ్చిన డాన్ బ్లూత్ చేత పూర్తిస్థాయి బొమ్మల సినిమా గీయించి, లేజర్ డిస్క్ మీద ఎక్కించి, దాన్నే ఆటగా నడిపారు. మిగతా ఆటల్లో చదరపు చుక్కలు కదులుతుంటే ఇక్కడ నిజమైన కార్టూన్ కదిలేది. అమెరికాలో మామూలు ఆటకు 25 సెంట్లయితే దీనికి 50 సెంట్లు పెట్టి మరీ ఆడారు.

ఆటగాడు చేయవలసింది ఏమిటి? సినిమా నడుస్తుండగా సరైన క్షణంలో సరైన వైపు మీట తోయడం. తోస్తే తరువాతి ముక్క నడుస్తుంది. తోయకపోతే నాయకుడు చచ్చే ముక్క నడుస్తుంది. ఆటగాడి నిర్ణయం వల్ల కొత్త స్థితి ఏదీ ఏర్పడదు. ఒకసారి వరుస కంఠస్థమయ్యాక మిగిలేది వల్లెవేయడమే. బొమ్మలు నేటికీ అందంగానే ఉన్నాయి. కాని అవి సినిమాగా అందం. నియమానికీ ఆ అందానికీ సంబంధం లేదు. ఇది వైకుంఠపాళి కోవకు చెందిన కృతి. చరిత్రలో దీనికి తప్పక చోటు ఉంటుంది. మళ్లీ చేపట్టదగిన వాటి వరుసలో మాత్రం పెట్టలేం.

ప్రతులు, పాఠాంతరాలు

ఇక ముఖ్యమైన చిక్కు మిగిలింది. పులిజూదాన్ని ఏ రాతి మీద గీసినా అదే ఆట అని మొదట చెప్పుకున్నాం. వీడియో ఆటకు ఆ మాట పూర్తిగా వర్తిస్తుందా? వర్తించదని స్పేస్ ఇన్వేడర్స్ చెబుతోంది. వేగవంతమైన నేటి కంప్యూటర్‌లో ఆ 55 జీవులనూ ఒకేసారి కదిపి తెర మీద పెడితే బొమ్మలు అవే ఉంటాయి, ఆట మాత్రం పోతుంది. 1980లలో వచ్చిన పర్సనల్ కంప్యూటర్ ఆటలు చాలావరకు యంత్రపు వేగాన్ని నమ్ముకుని రాసినవి. కొత్త యంత్రాల మీద అవి అందుకోలేనంత వేగంగా పరుగెత్తేవి. వేగం తగ్గించుకోవడానికి ఆనాటి పెట్టెలకు టర్బో అనే మీట ఉండేది. మిసైల్ కమాండ్‌లో బంతి దొర్లించడానికి పట్టే కాలం కూడా నియమంలో భాగమే. ఫోను తెర మీద వేలితో నేరుగా తాకితే కంటికీ చేతికీ మధ్య ఉండవలసిన ఆ దూరం చెరిగిపోతుంది.

మనకు ఈ సమస్య కొత్త కాదు. తాళపత్రాల నుంచి కావ్యాన్ని అచ్చుకు ఎక్కించిన పరిష్కర్తలు ఎదుర్కొన్న సమస్యే ఇది. బ్రౌను వేర్వేరు ప్రతులు తెప్పించి పోల్చి చూసినప్పుడు ఏది కవి ప్రయోగం, ఏది లేఖకదోషం అన్న ప్రశ్న అడుగడుగునా వచ్చింది. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ అనే ప్రోగ్రామ్ చేసే పని దాదాపు అదే. పాత యంత్రపు నడతను దాని బలహీనతలతో సహా కొత్త కంప్యూటర్‌లో అనుకరించి, మూల ప్రోగ్రామ్‌ను అందులో నడుపుతుంది. స్పేస్ ఇన్వేడర్స్ నెమ్మది కర్త అంగీకరించిన ప్రయోగం. పాక్‌మాన్ 256వ స్థాయి కర్త ఉద్దేశించని స్ఖాలిత్యం. మంచి పరిష్కర్త రెండింటినీ ఉంచుతాడు. ఏది ఏదో చెబుతాడు. దిద్దిన ప్రతిలో ఆడినవాడికి ఆ యంత్రం ఎక్కడ చేతులెత్తేసిందో తెలియదు.

మన దేశంలో చాలామందికి మొదటి నుంచీ అందినవి ప్రతులకు ప్రతులే. 1990లలో టీవీకి తగిలించుకునే పెట్టెలు, వాటిలో పెట్టే క్యాసెట్లు ఎక్కువభాగం జపాన్ యంత్రాలకు అనుకరణలు. ఆట ఒకటైతే పేరు మరొకటి. కర్త పేరు తెలిసే మార్గమే లేదు. ఆ తరం వారికి టెట్రిస్ రష్యా ఆట అని గాని, పాక్‌మాన్ వెనుక ఒక మనిషి ఆలోచన ఉందని గాని తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. చాటుపద్యం కవి పేరు పోగొట్టుకుని నోటి నుంచి నోటికి తిరిగినట్టు అవి ఇంటింటా తిరిగాయి. విమర్శ చేయవలసిన మొదటి పని ఆ పేర్లను తిరిగి నిలబెట్టడం.

రెండో పని తొందరగా చేయవలసినది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగడిలో ఏ రూపంలోనూ దొరకవు. గ్రంథాలయాలు తమ వద్ద ఉన్న పాత ఆటలను దూరాన ఉన్న పరిశోధకులకు అందించడానికి అనుమతి కోరితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. పుస్తకం గ్రంథాలయంలో నూరేళ్లు పడి ఉన్నా తెరిచి చదవవచ్చు. ఆట నడవాలంటే దాని యంత్రమో, ఆ యంత్రపు సరైన అనుకరణో కావాలి. మెక్‌నర్ తన మూల ప్రోగ్రామ్ ఉన్న పాత డిస్కులు దొరికినప్పుడు, 2012లో దాన్ని అందరికీ విడుదల చేశాడు. అలా దొరకడం అదృష్టం. అన్ని ఆటలకూ ఆ అదృష్టం పట్టదు.

కాపాడడానికి చోటు, డబ్బు, కాలం అవసరం. అవి పరిమితం కనుక ఎంపిక తప్పదు. ఎంపికను జ్ఞాపకానికి వదిలిపెడితే ఎక్కువ అమ్ముడుపోయినవి, ఎక్కువమంది చిన్నతనంలో ఆడినవి మాత్రమే మిగులుతాయి. మనబోటి అనుకరణ పెట్టెల దేశాల జ్ఞాపకానికి ఆ లెక్కలో విలువే ఉండదు. అందువల్ల విద్యార్థులు ఈ ఆటలను ఒక్కసారైనా చేతులతో ఆడి చూడాలి. ఆడుతున్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: రంగులు, బొమ్మలు, పేరు తీసివేసి కాగితం మీద నియమాలు మాత్రమే రాస్తే ఇందులో చెప్పే మాట ఏదైనా మిగులుతుందా? మిగిలితే ఆ ఆట ఏ భాషవారిదైనా, ఏ యంత్రం మీద పుట్టినదైనా పులిజూదం పక్కన కూర్చోదగినది.